క్రూజ్ ఎందుకు ఒప్పుకోవడం లేదు?

పదేళ్లు దాటిన కారు. ఓ ఆదివారం లోపల ఊడుస్తుంటే బ్రేక్ పెడల్ కింద, మ్యాట్ మీద, పెళుసుబారి విరిగిన ప్లాస్టిక్ ముక్కలు రెండు మూడు దొరుకుతాయి. ఎక్కడివో తెలియక పారేస్తారు. ఆ రాత్రి కారుకు తాళం వేసి వెళ్లిపోయినా వెనక బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి. తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. పాతబడిందనుకుని కొత్త బ్యాటరీ వేయిస్తారు. ఆ తర్వాత హైవే ఎక్కి, యాక్సిలరేటర్ తొక్కకుండానే వేగాన్ని నిలబెట్టే క్రూజ్ కంట్రోల్ నొక్కితే అది పట్టనే పట్టదు. విడివిడిగా చూస్తే మూడు తంటాలు. మూడింటికీ మూలం మ్యాట్ మీద దొరికిన ఆ ముక్కలే.

పెడల్ పైకి లేచి ఆగే చోట, డ్యాష్‌బోర్డు కింద, బొటనవేలంత స్విచ్ ఒకటి ఉంటుంది. దాని కొసన పిన్ను. పెడల్ కడ్డీకి ఒక రంధ్రం, అందులో చిన్న ప్లాస్టిక్ స్టాపర్. బ్రేక్ మీద కాలు లేనప్పుడు ఆ స్టాపర్ వచ్చి పిన్నును లోపలికి నొక్కి ఉంచుతుంది. లైట్లు ఆరి ఉంటాయి. కాలు వేస్తే పెడల్ దూరం జరుగుతుంది, పిన్ను బయటికొస్తుంది, లైట్లు వెలుగుతాయి. ఎండకీ వయసుకీ స్టాపర్ పగిలి రాలిపోయిందనుకోండి, నొక్కి ఉంచేది లేక పిన్ను రంధ్రంలోకి దూరిపోయి బయటికే ఉండిపోతుంది. డ్రైవరు ఇరవై నాలుగు గంటలూ బ్రేక్ తొక్కుతున్నాడనే కారు అనుకుంటుంది. బ్రేక్ తొక్కుతున్న మనిషికి క్రూజ్ ఇవ్వకూడదన్నది దాని మొదటి నియమం. హోండా, నిస్సాన్, హ్యుందాయ్ పాత మోడళ్లలో మెకానిక్‌లు తరచూ చూసే సంగతే ఇది. తల కిందకి పెట్టి, టార్చి వేసి చూస్తే ఖాళీ రంధ్రం కనిపిస్తుంది. కొత్త స్టాపర్ ధర ఏమంత కాదు, వేయడానికి పావుగంట చాలు. అది చూడకుండా స్టీరింగ్ స్విచ్‌లు మార్చేవాళ్లూ, ఏకంగా ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, పోయిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. నష్టమంతా అక్కడే జరుగుతోంది.

క్రూజ్ కంట్రోల్ మరమ్మతులో ముందుగా మనసులో పెట్టుకోవాల్సిన మాట ఒకటే. అది పనిచేయడం లేదంటే చాలాసార్లు చెడిపోయిందని కాదు, ఎవరో దానికి ‘వద్దు’ అని చెబుతున్నారని. ఆ వద్దన్నది ఎవరో కనిపెట్టడమే అసలు పని.

ఈ గుణం దానికి పుట్టుకతో వచ్చింది. కనిపెట్టినవాడు అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రాల్ఫ్ టీటర్. 1890లో పుట్టాడు. అయిదేళ్ల వయసులో ప్రమాదంలో చూపు పోయింది. అయినా మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు, పిస్టన్ రింగులు చేసే కంపెనీని నడిపించాడు, 1936లో అమెరికా ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆయన లాయరు కారు నడుపుతూ మాట్లాడితే వేగం తగ్గేదట, ఎదుటివాళ్ల మాట వింటుంటే పెరిగేదట. పక్క సీట్లో కూర్చున్న టీటర్‌కు ఆ కుదుపులు విసుగు పుట్టించి ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. చూపులేని మనిషికి కారు నడక తీరు ఒంటికి ఇంకాస్త బాగా తెలుస్తుంది కదా, నమ్మదగిన కథే. 1950లో పేటెంట్ వచ్చింది. 1958లో క్రైస్లర్ కంపెనీ తన ఖరీదైన కార్లలో దీన్ని ‘ఆటో పైలట్’ పేరుతో పెట్టింది. బ్రేక్ మీద కాలు తగిలిస్తే చాలు, పట్టు వదిలేసేలా చేశారు. అప్పటినుంచీ ఇప్పటిదాకా ఈ యంత్రం పట్టుకోవడం కంటే వదిలేయడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టి తయారవుతోంది.

పాత కార్లలో ఇంజిన్ పీల్చే గాలి బలంతో పనిచేసే వ్యాక్యూమ్ డబ్బా ఒకటి ఉండి, కేబుల్‌తో థ్రాటిల్‌ను లాగేది. రబ్బరు గొట్టం చిట్లినా, డబ్బాలో పొర చిరిగినా క్రూజ్ పోయేది. ఇప్పటి కార్లలో ఆ సామానంతా లేదు. యాక్సిలరేటర్ పెడల్‌కూ ఇంజిన్‌కూ మధ్య తీగ లేదు. పెడల్ ఎంత నొక్కామో సెన్సర్ చెబితే ఈసీయూ మోటరుతో థ్రాటిల్ తిప్పుతుంది. ఎలాగూ థ్రాటిల్ కంప్యూటర్ చేతిలోనే ఉంది కాబట్టి క్రూజ్ అన్నది కొన్ని బటన్లు, కొంత సాఫ్ట్‌వేర్, అంతే. మన దగ్గర కింది వేరియంట్ కారు కొన్నవాళ్లు పై వేరియంట్ స్టీరింగ్ బటన్లు తెచ్చి బిగించుకుని క్రూజ్ తెప్పించుకోగలుగుతున్నారంటే కారణం ఇదే. అలా బిగించిన కారులో తర్వాత క్రూజ్ ఆగిపోతే అనుమానం మొదట ఆ బిగింపు మీదికే వెళ్లాలి.

దీని పనితీరు ప్రభుత్వ ఆఫీసులో ఫైలు కదిలే తీరులాంటిది. బ్రేక్ స్విచ్, క్లచ్ స్విచ్, వేగం చెప్పే సెన్సర్లు, గేరు, ఏబీఎస్, ఇంజిన్, స్టీరింగ్ మీది బటన్లు... ఇన్ని బల్లల మీదా సంతకం పడితేనే పని జరుగుతుంది. ఒక్క బల్ల దగ్గర ఆగినా ఫైలు అక్కడే.

అసలు లోపమే లేని ఫిర్యాదులూ ఉంటాయి. వాటిని ముందే పక్కన పెట్టాలి. చాలా కార్లలో గంటకు సుమారు 40 కిలోమీటర్ల లోపు క్రూజ్ పట్టదు. కొన్నింటిలో స్పీడ్ లిమిటర్ బటన్ క్రూజ్ పక్కనే ఉంటుంది. అది నొక్కి, కాలు తీస్తే కారు నెమ్మదిస్తోందని సర్వీస్ సెంటర్‌కు వెళ్లేవాళ్లున్నారు. లిమిటర్ పని వేగం దాటకుండా చూడటమే, నిలబెట్టడం కాదు. ఓనర్స్ మాన్యువల్‌లో ఆ రెండు పేజీలు చదివితే ఈ తిరుగుడు తప్పుతుంది.

లోపం నిజమే అనుకుంటే డ్యాష్‌బోర్డు సగం సమాధానం చెబుతుంది. చాలా కార్లలో క్రూజ్ మెయిన్ బటన్ నొక్కగానే ఒక లైటు, వేగం ఖాయం చేయగానే ‘సెట్’ అని ఇంకో గుర్తు వస్తాయి. మొదటి లైటే రాకపోతే వెతకాల్సింది ఫ్యూజ్, స్టీరింగ్ బటన్లు, ఆ బటన్ల నుంచి వచ్చే తీగలు. మొదటిది వచ్చి రెండోది రాకపోతే బటన్లు చాలావరకు బాగానే ఉన్నట్టు. బ్రేక్, క్లచ్, వేగం సెన్సర్ల వైపు వెళ్లాలి. పట్టినట్టే పట్టి గతుకు రాగానే వదిలేస్తుంటే ఎక్కడో వదులు ఉంది: బిగింపు తగ్గిన బ్రేక్ స్విచ్‌లో కావచ్చు, సరిగా కూర్చోని కనెక్టర్‌లో కావచ్చు.

బ్రేక్ స్విచ్ దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే ఎక్కువ కేసులు తేలేది ఇక్కడే. చాలా కార్లలో ఆ చిన్న స్విచ్ లోపల రెండు జతల కాంటాక్టులు ఉంటాయి. ఒక జత వెనక లైట్లకు, ఇంకో జత క్రూజ్ ఆపడానికి. ఒకటి తెరుచుకుంటే ఇంకోటి మూసుకోవాలి. రెండూ ఒకే మాట చెబుతున్నాయా లేదా అని ఈసీయూ ఎప్పుడూ పోల్చి చూస్తుంది. లైట్ల జత బాగుండి క్రూజ్ జత అరిగిపోతే పరిస్థితి విచిత్రంగా ఉంటుంది. బ్రేక్ లైట్లు సక్రమంగా వెలుగుతాయి, మెకానిక్ చూసి ‘స్విచ్ బాగానే ఉంది సార్’ అంటాడు, క్రూజ్ మాత్రం రాదు. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్‌తో రెండు జతలనూ విడివిడిగా, పిన్ను నొక్కి ఒకసారి, వదిలి ఒకసారి చూస్తేనే నిజం బయటపడుతుంది. బల్బుల సంగతీ మరవకూడదు. కొన్ని పాత కార్లలో క్రూజ్ యూనిట్ బ్రేక్ బల్బు ఫిలమెంట్ గుండానే ఎర్త్ తీసుకునేది. బల్బులన్నీ మాడిపోయినా, వాటి బదులు ఎల్ఈడీలు వేసినా క్రూజ్ ఆగిపోయేది.

మాన్యువల్ గేరు కారులో క్లచ్ పెడల్ దగ్గరా ఇలాంటి స్విచ్ ఉంటుంది. క్లచ్ మీద పాదం ఆనించి నడిపే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. పెడల్ కొద్దిగా నొక్కుకుపోయినా క్రూజ్ వదిలేస్తుంది. అది స్విచ్ తప్పు కాదు.

స్టీరింగ్ బటన్ల వెనక కథ వేరు. సెట్, రెజ్యూమ్, క్యాన్సిల్ బటన్లకు తలా ఒక తీగ ఉండదు. చాలా కార్లలో ఒకే తీగ మీద ఒక్కో బటన్‌కు ఒక్కో విలువ రెసిస్టర్ పెడతారు. వచ్చిన వోల్టేజీని బట్టి ఏది నొక్కారో ఈసీయూ పోల్చుకుంటుంది. కాంటాక్టుల మీద మడ్డి పేరుకున్నా, ఎప్పుడో టీ ఒలికి లోపలికి దిగినా రెసిస్టెన్స్ మారిపోతుంది. అప్పుడు ఒక బటన్ నొక్కితే ఇంకో బటన్ నొక్కినట్టు కంప్యూటర్‌కు వినిపిస్తుంది. ఒక్క క్రూజే కాకుండా హారన్, ఆడియో బటన్లు కూడా మొరాయించి, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగిందంటే అనుమానం క్లాక్ స్ప్రింగ్ మీద. స్టీరింగ్ ఎటు తిరిగినా తీగలు తెగకుండా చుట్టలు చుట్టి పెట్టిన రిబ్బన్ కేబుల్ అది. స్టీరింగ్ విప్పినప్పుడు దాన్ని నడిమధ్యకు తెచ్చి బిగించకపోతే, కారును పూర్తిగా ఒక పక్కకు తిప్పిన రోజున పుటుక్కున తెగుతుంది.

స్టీరింగ్ విప్పే ఈ ఒక్క పని మాత్రం ఇంట్లో చేయకూడదు. స్టీరింగ్ మధ్యలో ఉండేది ఎయిర్‌బ్యాగ్. బ్యాటరీ నెగటివ్ తీసేసి, కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగిన తర్వాతే తెలిసినవాళ్లు దాని మీద చెయ్యి వేయాలి. ఎయిర్‌బ్యాగ్ తీగలకుండే పసుపు రంగు కనెక్టర్లలో మల్టీమీటర్ పెట్టి చూడటం ప్రమాదం.

ఇక వేగం. కారు ఎంత వేగంతో పోతోందో ఖాయంగా తెలియనిదే క్రూజ్ ముందుకు కదలదు. ఇప్పటి చాలా కార్లలో ఆ లెక్క చక్రాల దగ్గరున్న ఏబీఎస్ సెన్సర్ల నుంచి వస్తుంది. స్పీడోమీటరు ముల్లు ఊగడం, ఏబీఎస్ లైటు వెలగడం, క్రూజ్ పోవడం ఒకేసారి జరిగితే ఇక్కడ చూడాలి. రాయి తగిలి తీగ తెగి ఉండొచ్చు, బురద పట్టి ఉండొచ్చు. మరమ్మతు చేయించాక పుట్టే లోపం కూడా ఒకటుంది. కొన్ని వీల్ బేరింగుల సీల్‌లో ఒక వైపే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. సెన్సర్ చదివేది ఆ పట్టీనే. బేరింగ్ కొత్తది వేసేటప్పుడు అది తిరగేసి కొడితే చక్రం హాయిగానే తిరుగుతుంది, సెన్సర్‌కు మాత్రం ఏమీ కనిపించదు. బేరింగ్ మార్చిన మర్నాటి నుంచే క్రూజ్ రాలేదంటే మెకానిక్‌కు ఆ ముక్క తప్పకుండా చెప్పాలి.

వానాకాలంలో కొన్నాళ్లు తీయకుండా వదిలేసిన కార్లలో ఎలుకలు ఇంజిన్ దగ్గర తీగలు కొరికేయడం మన ఊళ్లలో మామూలే. తెగిన తీగను మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తే కొన్నాళ్లకు తేమ పట్టి, రాగికి చిలుమెక్కి, లోపం మళ్లీ తిరగబెడుతుంది. సోల్డర్ చేయించి, వేడికి బిగుసుకునే స్లీవ్ వేయించుకోవాలి.

క్రూజ్‌కు సంబంధమే లేదనిపించే చోటి నుంచీ ‘వద్దు’ రావచ్చు. సుబారు కార్లు దీనికి మంచి ఉదాహరణ. ఆ కంపెనీ మోడళ్లు చాలావాటిలో చెక్ ఇంజిన్ లైటు వెలిగితే చాలు, క్రూజ్ గుర్తు మినుకుమినుకుమంటూ పనిచేయడం మానేస్తుంది. పెట్రోల్ ట్యాంకు మూత సరిగా బిగించకపోయినా అమెరికాలో ఆ లైటు వెలుగుతుంది, ఆవిరి బయటికి పోతోందని. మూత బిగించి కొన్నాళ్లు నడిపాక లైటు ఆరితే క్రూజ్ తిరిగొస్తుంది. ఈ కార్లు నడిపే మనవాళ్లు అక్కడ తక్కువేం కాదు. క్రూజ్ పోయిందని బటన్లు మార్పించే ముందు మూత చూసుకోవడం మేలు.

ఇన్ని చోట్లు వెతకడం కష్టమే కానీ, స్కానర్ ఆ కష్టాన్ని చాలా తగ్గించింది. లోపాన్ని కారే నమోదు చేసుకునే ఓబీడీ రెండో దశ ఏర్పాటు అమెరికాలో 1996 నుంచి, మన దేశంలో 2013 నుంచి తప్పనిసరి. డ్యాష్‌బోర్డు కింద ఉన్న సాకెట్‌లో స్కానర్ గుచ్చితే కోడ్ చదవొచ్చు. పి0571 అంటే బ్రేక్ స్విచ్ సర్క్యూట్‌లో తేడా. పి0504 అంటే స్విచ్‌లోని రెండు జతలూ రెండు మాటలు చెబుతున్నాయని. పి0500 వేగం సెన్సర్‌ది. పి0565 క్రూజ్ ఆన్ బటన్ సంకేతానిది. కోడ్ చూడగానే ఆ భాగం కొనేయడం మాత్రం తప్పు. కోడ్ చెప్పేది ఏ దారిలో తేడా ఉందో. ఆ దారిలో స్విచ్ ఉంది, కనెక్టర్ ఉంది, తీగ ఉంది, ఫ్యూజ్ ఉంది. అంతకంటే ఎక్కువ పనికొచ్చేది లైవ్ డేటా. స్కానర్ తెర మీద బ్రేక్ స్విచ్ ఒకటి, రెండు, క్లచ్ అన్న వరసలు పెట్టుకుని పెడల్ నెమ్మదిగా నొక్కుతూ చూస్తే ఏది మారుతోందో, ఏది మొండికేసిందో కళ్లముందే కనబడుతుంది. కొన్ని కార్లు చివరిసారి క్రూజ్ ఎందుకు ఆగిందో కూడా దాచిపెడతాయి. అడిగేవాళ్లు లేక ఆ సమాచారం అలాగే పడి ఉంటుంది.

స్విచ్ దొరకలేదనో, తొందరగా తేల్చేద్దామనో బ్రేక్ స్విచ్ తీగలను నేరుగా కలిపేసి క్రూజ్ పనిచేయించే చిట్కా ఒకటి అక్కడక్కడా నడుస్తోంది. దానికి ఎవరూ ఒప్పుకోకూడదు. క్రూజ్ పట్టకపోతే వచ్చే నష్టం కుడికాలు నొప్పి. వదలకపోతే వచ్చేది ప్రాణం మీదికి. ఇది ఊరికే బెదిరించే మాట కాదు. 2013 ఏప్రిల్‌లో హ్యుందాయ్, కియా కలిసి అమెరికాలో 16 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిచాయి. కారణం ఈ బ్రేక్ లైట్ స్విచ్చే. అది సరిగా పనిచేయకపోతే లైట్లు వెలగకపోవచ్చు, బ్రేక్ తొక్కినా క్రూజ్ ఆగకపోవచ్చు. 2018 మే నెలలో ఫియట్ క్రైస్లర్ అక్కడే 48 లక్షల వాహనాలకు రీకాల్ ప్రకటించింది. ఒక రకమైన షార్ట్ సర్క్యూట్ సరిగ్గా క్రూజ్ వేగం పెంచుతున్న క్షణంలో జరిగితే డ్రైవరు దాన్ని ఆపలేని పరిస్థితి రావచ్చని తేలింది. సాఫ్ట్‌వేర్ సరిచేసేదాకా క్రూజ్ వాడొద్దన్నారు.

ఫోర్డ్ కథ వీటికంటే పెద్దది. బ్రేక్ మాస్టర్ సిలిండర్ దగ్గర క్రూజ్‌ను ఆపే ప్రెషర్ స్విచ్ ఒకటి పెట్టారు. ఒక పక్క బ్రేక్ ఆయిల్, ఇంకో పక్క కరెంటు, మధ్యలో పలుచటి పొర. ఆ పొర కాలక్రమంలో చిట్లితే ఆయిల్ కరెంటు వైపు కారేది. చాలా మోడళ్లలో ఆ స్విచ్‌కు తాళం తీసేసినా కరెంటు అందుతూనే ఉండేది. దాంతో ఇంజిన్ ఆపి, ఇంటి షెడ్డులో నిలిపిన బండ్లు కూడా అంటుకున్నాయి. 1999లో మొదలైన రీకాల్‌లు 2009 దాకా సాగాయి. మొత్తం కోటీ 40 లక్షల వాహనాలు దాటాయి. చాలా బండ్లకు చేసిన మరమ్మతు ఏమిటంటే, మధ్యలో ఫ్యూజ్ ఉన్న చిన్న తీగ ముక్క. ఆ కాలపు బండ్లు అక్కడ చేతులు మారుతూ ఇంకా తిరుగుతున్నాయి. చదువుకోవడానికి వెళ్లి, తక్కువ ధరకు పాత కారు కొనే పిల్లలు దాని 17 అక్షరాల విన్ నంబరును అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో ఉచితంగా సరిచూసుకోవచ్చు. చేయించకుండా వదిలేసిన రీకాల్ ఏదైనా ఉంటే అక్కడ తెలియవచ్చు, మరీ పాత రీకాల్‌లు మాత్రం కనిపించకపోవచ్చు.

నడుస్తుండగా క్రూజ్ వదలకపోతే బ్రేక్‌ను గట్టిగా, ఏకధాటిగా నొక్కి పట్టాలి. నొక్కుతూ వదులుతూ ఉంటే బ్రేక్‌కు అందే వ్యాక్యూమ్ సాయం తరిగిపోతుంది. గేరు న్యూట్రల్‌కు తేవాలి. ఇంజిన్ అరిచినా ఫరవాలేదు. కారు పక్కకు ఆగాకే ఇంజిన్ ఆపాలి. కదిలే కారులో తాళం చెవి వెనక్కి తిప్పి లాగేస్తే స్టీరింగ్ బిగుసుకునే ప్రమాదం ఉంది.

ముందున్న బండిని చూసి తానే వేగం తగ్గించుకునే అడాప్టివ్ క్రూజ్ 1990ల్లోనే జపాన్, జర్మనీ కార్లలోకి వచ్చింది. మన రోడ్ల మీద 2021లో ఎక్స్‌యూవీ 700 కారు వచ్చాక మధ్యతరగతికీ పరిచయమైంది. దీనికి ‘వద్దు’ చెప్పేవాళ్లు ఇంకా ఎక్కువ. ముందు బంపర్‌లోనో గ్రిల్ వెనకో రాడార్ ఉంటుంది. దాని ముందు బురద గట్టిపడినా, స్టిక్కర్ అంటించినా, పూజ చేయించి వేసిన పూలదండ అడ్డుపడినా అది చూడలేక తప్పుకుంటుంది. తుడిస్తే, తీస్తే సరిపోతుంది. చిన్న గుద్దుడు తర్వాత పుట్టీ మందంగా పెట్టి రంగేసిన బంపర్‌తో అంత తేలిగ్గా తేలదు. పైకి చూడ్డానికి కొత్తదానిలా ఉన్నా రాడార్ తరంగాలు దాటలేకపోవచ్చు. అద్దం పైన కెమెరా ఉన్న కార్లకు ముందు అద్దం మార్చాక కాలిబ్రేషన్ చేయించాలి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ రాసేటప్పుడే ఆ పనిని కూడా ఎస్టిమేట్‌లో చేర్పించుకోవాలి, తర్వాత అడిగితే చేతి డబ్బే అవుతుంది.

మరమ్మతు అయ్యాక పరీక్షించడంలో తొందర పనికిరాదు. ముందు నిలబెట్టిన కారులోనే, వెనక ఒకరిని ఉంచి, బ్రేక్ కొద్దిగా తాకగానే లైట్లు వెలుగుతున్నాయా, వదలగానే ఆరుతున్నాయా చూడాలి. తర్వాత హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) లాంటి దారి మీద, వాన లేని రోజు, రద్దీ లేని వేళ క్రూజ్ సెట్ చేసి మూడు రకాలుగానూ వదిలించి చూడాలి: క్యాన్సిల్ బటన్‌తో ఒకసారి, బ్రేక్‌తో ఒకసారి, మాన్యువల్ కారైతే క్లచ్‌తో ఇంకోసారి. అక్కడ గంటకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి ఉన్నా పరీక్షకు 60, 70 చాలు. మూడింటిలో ఏ ఒక్కటి ఆలస్యంగా వదిలినా కారు మళ్లీ షెడ్డుకే పోవాలి. బిల్లు తీసుకునేటప్పుడు స్కానర్‌లో వచ్చిన కోడ్ ఏమిటో, మార్చిన భాగం ఏమిటో దాని మీద రాయించుకుని, తీసేసిన పాత స్విచ్‌ను అడిగి తెచ్చుకోవాలి.